గడప దాటని పెట్టె

జూన్ 28

జాయినింగ్ తేదీ మళ్ళీ వాయిదా వేశారు. ఈసారి మెయిల్‌లో "త్వరలో" అని రాశారు. పోయినసారి "అతి త్వరలో" అని రాశారు. అంటే వెనక్కి నడుస్తున్నాం.

అది చదువుకుంటూ అరుగు మీద కూర్చుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. పనిలేకుండా నాన్న అరుగు మీద కూర్చోడు.

"దుర్గా, ఒక మాట రాసిపెడితే అది ఇల్లు దాటకుండా ఉండే ఏర్పాటేదైనా నీ చదువులో ఉందా?"

"ఏం మాట నాన్నా?"

అటూ ఇటూ చూశాడు. "వల వదిలే చోట్లు."

మొత్తం పదిహేడు చోట్లు. ఎర్రనీరు దిగి పులస ఎదురెక్కే రోజుల్లో, వల దేనికీ తగలకుండా నీటిపాటున జారిపోయే చోట్లు మన పాయలో అవే. ఈ చెట్టు, ఆ గోపురం ఒక గీతలోకి వస్తే ఇక్కడ, అని గుర్తులు. తాత వాటిని పెద్దకొడుకని నాన్నకు చెప్పాడు. త్రిమూర్తులు బాబాయికి రెండో మూడో తెలుసు. కాగితం మీద ఎక్కడా లేవు. నాన్నకు రాయడం రాదు, తాతకూ రాదు. రాయడం వచ్చింది ఈ ఇంట్లో నాతోనే మొదలు.

"ఫోన్లో రాసుకోనా?"

"ఫోన్లో రాసింది ఎక్కడెక్కడికి పోతుందో నువ్వే కదే చెప్పేవు."

చెప్పాను. చదువు ఇలా ఎదురు తిరుగుతుంది.

అప్పుడు గిట్ అనే ప్రోగ్రాము సంగతి చెప్పాను. ప్రతి ఏడూ వరదకు గోదారి అడుగు మారుతుంది, గుర్తులూ మారతాయి. గిట్‌లో రాస్తే కొత్తదీ ఉంటుంది, పాతదీ ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో కూడా ఉంటుంది. దాన్ని బయట ఎక్కడా పెట్టకుండా మన ఇంట్లోనే, మన పెట్టెలోనే పెట్టుకోవచ్చు అన్నాను.

"గడప దాటదు కదా?"

"దాటదు."

"దాటిందా, ఇంక ఒక్క ముక్క చెప్పను. అవన్నీ నాతోనే పోతాయి."

కంటి ఆపరేషన్ ఉంది కదా, మత్తులో మర్చిపోతానేమోనని ఇదంతా, అన్నాడు. రాజమండ్రి డాక్టరు గారు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని వేసవిలోనే చెప్పారు. సీజన్ అయ్యాక చూద్దాం, అంత తొందరేం లేదంటున్నాడు నాన్న.

అంత తొందర లేదేమో.

జూన్ 29

కాలేజీ నాటి పాత లాప్‌టాప్ దొరికింది. అమ్మ దాన్ని ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టింది.

జులై 1

గిట్‌ల్యాబ్ వేశాను. గిట్‌ను వెబ్ పేజీలా చూపించే సర్వరు, పెద్ద పెద్ద కంపెనీలు వాడేది. నాలుగు జీబీ మెమరీ ఉన్న లాప్‌టాప్‌లో వేయొద్దని వాళ్ళే రాశారు. అది మామూలు వాళ్ళకు రాశారనుకున్నాను.

ఫ్యాను మొదలైంది. "ఇంట్లో నావ ఇంజను ఆడిస్తున్నావేంటే," అంది అమ్మ వంటింట్లోంచి. పేజీ తెరుచుకునేలోపు అన్నం ఉడికింది, వార్చడం కూడా అయింది. మామ్మకు మాత్రం నచ్చింది. మోకాలికి కాపడం బాగుందని ఒళ్ళో పెట్టుకుని, తీసేస్తానంటే ఇవ్వలేదు.

జులై 2

అసలు మాకు కావలసింది ఏంటి? రాసేది నేనొక్కదాన్ని. చెప్పేది నాన్నొక్కడు. ఫైలు ఒకటి. దీనికి సర్వరే అక్కర్లేదు. లాప్‌టాప్‌లో ఉత్త గిట్ ఫోల్డరు ఒకటి చేసి, నా దగ్గరున్న తాళంతో మాత్రమే తెరుచుకునేలా పెడితే చాలు. పేజీ లేదు, బొమ్మ లేదు, ఎవరూ చూడలేరు.

చేశాను. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

నాన్నను పిలిచి చూపించాను. నల్ల తెర, మీద ఒక్క తెల్ల గీత. నాన్న దగ్గరికి వంగి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు.

"ఇదేనా?"

"ఇదే."

"నాలుగేళ్ళు చదివింది ఇదేనా అని."

జులై 4

గిటియా వేశాను. గిట్‌ల్యాబ్ లాంటిదే, కానీ ఒకటే ఫైలు, పాత లాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది, ఫ్యాను చప్పుడే లేదు. మామ్మ కాపడం పోయిందని అలిగింది. తేలిక కాబట్టి ఎంచుకున్నాను. పేజీ అందంగా ఉందని కాదు.

పేజీ అందంగా ఉంది. పైన ఒక చేప బొమ్మ పెట్టి, కింద "పల్లంరాజు అండ్ డాటర్" అని రాశాను. నాన్నకు చదివి వినిపిస్తే మూడుసార్లు చదివించుకున్నాడు.

పెట్టేటప్పుడు చాలా గడులు అడిగింది. చాలావరకు చదివాను.

జులై 6

నాన్న మొదటి చోటు చెప్పాడు.

సాయంత్రం ఏటిగట్టు మీదికి తీసుకెళ్ళాడు. ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని, చెయ్యి చాపకుండా గడ్డంతో చూపించాడు. మా వాళ్ళెవరూ ఏటి మీద వేలు పెట్టి చూపించరు. వేలు దూరం నుంచి కూడా కనపడుతుంది.

"అవతల లంకలో చర్చి శిలువ. దాని వెనకాల సెల్ టవరు. రెండూ ఒక గీతలోకి వచ్చిన చోట వల వదిలెయ్యి. పంపుహౌసు ఎదురొచ్చేదాకా అడ్డం లేదు."

"ఏ టవరు నాన్నా? రెండున్నాయి."

నాన్న అటే చూశాడు.

"రెండా," అన్నాడు. వెంటనే, "ఆ, రెండే. కొత్తది. కొత్తది రాసుకో," అన్నాడు.

రాసుకున్నాను. పరిగెత్తుకుంటూ వచ్చి పెట్టెలో ఎక్కించాను. మొదటి కమిట్, అంటే గిట్‌లో మొదటి నమోదు. తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు. మా ఇంట్లో ఇప్పటిదాకా ఒక ఆడపిల్లకు ఇది ఎవరూ చెప్పలేదు. అమ్మకు కూడా తెలియదు. అమ్మ ఇరవై ఏళ్ళుగా అదే నావలో తెడ్డు వేస్తోంది కానీ, తెడ్డు వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు.

"రెండోది ఎప్పుడు నాన్నా?"

"ముందు ఇది గడప దాటకుండా ఉంటుందో లేదో చూద్దాం. వారం ఆగు."

జులై 7

ఎవరికీ చూపించలేదు.

జులై 8

సత్యశ్రీ గోడ అవతలి నుంచి కేకేసింది. "అక్కా, వైఫై ఆగింది, ఒకసారి రౌటరు ఆపి వెయ్యవా." బాబాయి కూతురు, పాలకొల్లులో డిగ్రీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. వాళ్ళిల్లూ మా ఇల్లూ ఒకే గోడ. కూర గిన్నెలు దాటే గోడే, వైఫై కూడా దాటుతుంది. గోడ దాటనిది ఒక్క గోదారి ముచ్చటే. నాన్నా బాబాయీ అన్నీ మాట్లాడుకుంటారు, ఏ రోజు ఎక్కడ వల వేశారో మాత్రం ఒకళ్ళనొకళ్ళు అడగరు.

సత్యశ్రీ ఫోన్‌లో మా పేజీ రంగులు ఎలా కనిపిస్తాయో చూడాలనిపించింది. చిన్న తెర మీద చేప బొమ్మ సాగిపోతుందేమోనని అనుమానం. అది మాత్రమే చూపించాను. లోపలిది చూపించలేదు.

"భలే ఉందక్కా. డాటర్ అంటే నువ్వేనా?" అంది.

బొమ్మ సాగలేదు.

జులై 10

ఎర్రనీరు దిగింది. రేవంతా ఒకటే సందడి. నాన్నా అమ్మా తెల్లారకుండానే వెళ్ళారు. నాన్న నాకు చెప్పిన ఆ తాత చోటుకు వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, "అన్నీ ఒకరోజే వాడేస్తారేంటి," అన్నాడు.

జులై 12

రాయాలని లేదు. రాస్తాను.

పొద్దున్న తొమ్మిదింటికి బాబాయి రేవు నుంచి నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. భుజం మీద కొత్త వల, సగానికి సగం చిరిగి వేలాడుతోంది. అరుగు మీద మామ్మ ఉంది. బాబాయి నాన్నతో మాట్లాడలేదు, మామ్మతో మాట్లాడాడు.

"అమ్మా, నీ పెద్దకొడుకుని అడుగు. ఏటడుగున తుమ్మమొద్దున్న చోట వల వెయ్యమని ఏ దేవుడు చెప్పేడో."

నాన్న లోపలి నుంచి వచ్చి, వలను చూసి, గోడకు ఆనుకుని నవ్వాడు. నాన్న అలా నవ్వగా నేను చూడలేదు.

"అడుగమ్మా నీ చిన్నకొడుకుని. అక్కడ వెయ్యమని వాడికి ఎవరు చెప్పేరో."

బాబాయి గోడ వైపు చూశాడు. గోడ అవతల సత్యశ్రీ తల సగం కనిపించి మాయమైంది. అప్పుడు అందరూ నా వైపు తిరిగారు.

"చూసేవా దుర్గా," అన్నాడు నాన్న. "కావాలనే చెప్పేను. మొద్దున్న చోటు చెప్పి, ఎవరొచ్చి తగులుకుంటారో చూద్దామని ఎర వేసేను. నీ పెట్టెకి చిల్లుంది. ఇంక ఒక్క ముక్క చెప్పను."

మామ్మ నవ్వలేదు.

మధ్యాహ్నం లోపలికి వెళ్ళి పేజీ తెరిచాను. "ప్రైవేట్" అన్న గడిలో టిక్ లేదు. వైఫైలో ఉన్న ఎవరైనా చూడొచ్చు. ఎవరైనా కొత్తగా పేరు కూడా నమోదు చేసుకోవచ్చు. హోమ్ నెట్‌వర్క్ అంటే మా ఇల్లు అనుకున్నాను. మా ఇల్లు ఎక్కడ ఆగి బాబాయి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో మాకే తెలియదు, రౌటరుకేం తెలుస్తుంది.

సత్యశ్రీ పేరు నమోదు చేసుకుంది. దాని పేరు మీద, ఏదైనా తప్పుంటే రాసే చోట, ఒక ఫిర్యాదు ఉంది. అరగంట క్రితం పెట్టింది. మాటలు బాబాయివి:

"ఫిర్యాదు నంబరు 1. నాకు తెలిసింది పాత టవరు గీత. అన్నయ్య ఈ ఏడు గీత మార్చేడేమో అనుకుని కొత్త టవరు గీతలో వేసేను. అక్కడ తుమ్మమొద్దు ఉంది, కిందటేడు వరదకి వచ్చినట్టుంది. రాసినోళ్ళు వచ్చి వల బాగుచెయ్యాలి. ఇట్లు త్రిమూర్తులు."

నా సర్వర్ మీద బయటివాళ్ళు చేసిన మొదటి పని ఇది. పద్ధతిగానే రాశారు.

నాన్న ఆ రోజు గట్టు మీద "రెండా" అని అడిగాడు.

కావాలనే అడిగి ఉంటాడు.

జులై 13

మామ్మ పంచాయితీ పెట్టింది. పంచాయితీ అంటే తనే మాట్లాడింది.

"మీ నాన్న ఏం చెప్పేవాడురా? చోటు దాచుకోవచ్చు, మొద్దు దాచకూడదు. పగవాడి వలైనా సరే, మొద్దుందని తెలిసి నోరు మూసుకున్నోడు ఏటిలో దిగడానికి పనికిరాడు. పల్లంరాజూ, నీకు తెలిసే చెప్పేవా?"

నాన్న మామ్మ వైపు చూడలేదు. "తెలిసే చెప్పేను."

"అయితే కూర్చుని ఆ వల కుట్టు. త్రిమూర్తులూ, అన్న చోటు దొంగతనంగా చూసినందుకు నువ్వు వాడికి కాఫీలు అందించు."

నాన్న బాబాయి అరుగు మీద కూర్చుని వల ఒళ్ళోకి లాక్కున్నాడు. ఈ రేవులో నాన్నంత వేగంగా వల కుట్టేవాళ్ళు లేరు. నేను చూస్తూనే ఉన్నాను. సూదిలోకి దారం ఎక్కించడానికి నాలుగుసార్లు పట్టింది. తర్వాత వల కన్ను కన్నుకూ వేలితో తడిమి చూసుకుని ముడి వేస్తున్నాడు. ఒకచోట రెండు కళ్ళు కలిపి కుట్టేశాడు. చూసుకోలేదు.

బాబాయి కాఫీ తెచ్చి పక్కన పెట్టాడు. నిలబడి చూశాడు. చాలాసేపు చూశాడు. రెండో కొస పట్టుకుని కూర్చుని, నాన్న కుట్టిన తప్పు కన్నును విప్పి, మళ్ళీ కుట్టాడు.

"ఏంట్రా అది, నా పని నువ్వు చేస్తావేంటి?"

"నీలాంటి అబద్ధాలకోరుని నమ్మి వల అప్పజెప్పమంటావా?" అన్నాడు బాబాయి.

నాన్నకు ఆ మాట బాగా నచ్చినట్టు కనిపించింది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ కుట్టారు. మధ్యమధ్య బాబాయి "అబద్ధాలకోరు" అన్నాడు, నాన్న "దొంగ" అన్నాడు.

జులై 14

చేపలు తోముతూ అమ్మ చెప్పింది. "తెడ్డు వేసేటప్పుడు నాకు గోదారి కనపడదు. మీ నాన్న ముఖమే కనపడుద్ది. మూడు నెలలయింది. కళ్ళు చికిలించి చూసి, ఏదో ఒక వైపు పోనియ్యమంటాడు. తగిలితే నీటిపాటు మారిందంటాడు. నేను ఊఁ అంటాను."

"నాకు చెప్పలేదేం అమ్మా?"

"నీకు కనపడదేంటి?"

బాబాయి సాయంత్రం వాకిట్లో నిలబడి, ఎవరితోనూ కాకుండా, "నాకు రాజమండ్రిలో పనుంది, ఎల్లుండి వెళ్తున్నాను, ఎవరైనా తోడొస్తే బాగుండును," అన్నాడు.

నాన్న అరుగు మీంచి, "దొంగలొక్కళ్ళే బస్సెక్కితే ప్రమాదం," అన్నాడు.

జులై 15

మొత్తం తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ ఏది తేలిక, ఏది అందం అని చూశాను. ఏది ఎవరికి కనపడాలి అన్నది చూడలేదు. అది చదివితే వచ్చేది కాదు, మామ్మ చెబితే వచ్చింది.

చోట్లు: ఉత్త ఫోల్డరు, నల్ల తెర. పేజీ లేదు. తాళం నా దగ్గరే. జులై రెండున ఐదు నిమిషాల్లో చేసిందే, మళ్ళీ ఐదు నిమిషాల్లో చేశాను.

మొద్దులు: గిటియా. రెండిళ్ళవాళ్ళూ చూడొచ్చు, రాయొచ్చు. చేప బొమ్మ ఉంచాను. "పల్లంరాజు అండ్ డాటర్" తీసి "మామ్మ" అని పెట్టాను.

అన్నీ నాన్నకు వివరించాను. విన్నాడు. రెండో చోటు మాత్రం చెప్పలేదు. చోట్లలో తాత చోటు ఒక్కటే ఉంది, అదీ తప్పు గీతతో.

జులై 16

నాన్నా బాబాయీ రాజమండ్రి వెళ్ళొచ్చారు. ఆపరేషన్ ఇరవై రెండున. రేవులో అందరితో బాబాయి తన పంటి నొప్పికి వెళ్ళామని చెబుతున్నాడు.

జులై 19

బాబాయి నాలుగు మొద్దులు రాయించాడు. ఒకటి అవతలి లంక దగ్గరిదట, ఎవరికీ తెలియనిది. రేపు అటే వెళ్ళబోతున్న అమ్మకు పనికొస్తుంది. ఐదో ఫిర్యాదు: "వదిన పంపిన వంకాయ కూరలో ఉప్పు లేదు." సత్యశ్రీ అదీ ఎక్కించింది. అమ్మ చెప్పిన జవాబు నేను ఎక్కించాను: "ఉప్పు డబ్బా మీ ఇంట్లోనే ఉంది, పోయిన వారం పట్టుకెళ్ళారు." ఫిర్యాదు మూసేశాం.

జులై 22

కుడి కన్ను అయింది. నాన్న కంటే బాబాయి ఎక్కువ భయపడ్డాడట.

జులై 24

నెల రోజులు నాన్నకు నీళ్ళు తగలకూడదు. రేపటి నుంచి నావలో నాన్న చోట కూర్చునేది నేను, తెడ్డు అమ్మది. ఎక్కడ వల వదలాలో నాకు తెలిసింది ఒక్కటే. ఆ ఒక్కచోటా మొద్దుంది. పాత టవరు గీత బాబాయి చెప్పింది, నాన్న చెప్పకుండా అక్కడ వెయ్యను.

నాన్నకు ఇది తెలుసు. అయినా అన్నం తిని పడుకున్నాడు.

జులై 25

రెండు చిన్న చేపలు. అమ్మ వాటిని బుట్టలో వెయ్యలేదు, నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళింది.

జులై 30

సాయంత్రం నాన్న నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గట్టు మీదికి రమ్మన్నాడు. అవతలి లంక వైపు చూసి ఆగిపోయాడు. కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు, వద్దన్నా వినలేదు.

"ఇదెప్పుడు కట్టేరే, రెండోది?"

నేను జవాబు చెప్పేలోపు గొంతు సవరించుకున్నాడు. "తెలుసులే. నువ్వు చూసుకున్నావో లేదోనని అడిగేను."

"చూసుకున్నాను నాన్నా."

"తాత చోటుకి పాత టవరు రాసుకో. శిలువా, పాత టవరూ."

కాగితం మీద రాసుకుంటుంటే ఆపాడు. "నీ పెట్టెలో పాతది కూడా ఉండిపోద్దన్నావు. అది చెరిపెయ్యి."

"చెరపడం కుదరదు నాన్నా. మీద కొత్తది రాస్తాం, కింద పాతది ఉంటుంది. గిట్ అంటేనే అది."

నిజానికి కుదురుతుంది. కష్టపడితే చెరపొచ్చు. చెప్పలేదు.

"ఎప్పటికీ ఉంటుందా?"

"ఉంటుంది."

"నీ తర్వాత చూసేవాళ్ళకి కూడా కనపడుద్దా?"

"కనపడుతుంది."

నాన్న గోదారి వైపు చూశాడు. ఎర్రనీరు తేటపడుతోంది. "ఎందుకు మార్చేరో కూడా రాయాలన్నావు కదా. ఏమని రాస్తావు?"

ఒక్క క్షణం ఆలోచించాను. "తాత చోటు సరిచేయడమైనది. ముందు గీత పల్లంరాజు గారు దొంగను పట్టడానికి కావాలని చెప్పిన అబద్ధం."

"ఇంకోసారి చదువు."

చదివాను. మూడోసారి కూడా చదివించుకున్నాడు.

తర్వాత గడ్డంతో ఎడమవైపు చూపించాడు. "ఆ మూడు తాడిచెట్లున్నాయి చూడు. మధ్యది తల విరిగింది. దానికీ వాటర్ ట్యాంకుకీ గీత. రాసుకో, ఇది రెండోది."

పొద్దుపోయేదాకా చెప్పాడు. పదిహేడూ చెప్పాడు. పద్నాలుగోదానికి అమ్మ అన్నం తినడానికి రమ్మని కేకేసింది, నాన్న పలకలేదు. వాన రాలేదు, ఎవరూ రాలేదు. పదిహేడు కమిట్లు ఈ రోజువే.

ఈ డైరీ ఎవరూ చదవరు. ఇది ఏ వైఫైలోనూ లేదు, బీరువాలో చీరల కింద ఉంది. ఇక్కడైనా ఉన్నదున్నట్టు రాయాలని పెన్ను తీశాను.

నాన్న ఆ రోజు కావాలనే అబద్ధం చెప్పాడు.